స్లో నిలవని బండి

ఆ ఎండకాలం ఇస్తారి బండి మొదటిసారి మా షెడ్డు ముందుకు వచ్చినప్పుడు, ఎవరూ ఆపకుండానే ఆగింది. వస్తూ వస్తూ మా గడప దగ్గర ఒక్కసారి దగ్గి, నీలం పొగ వదిలి, ఊపిరి పోయినట్టు ఊరుకుంది. నేను లోపల కందిపప్పు చెరుగుతున్నాను. చప్పుడు ఠక్కున తెగేసరికి చాట అక్కడే పడేసి బయటికి ఉరికాను. బండి చప్పుడు అట్లా మధ్యలో తెగిందంటే నాకు తోచేది ఒకటే. ఎవరో పోయారు.

"ఏం కాలె వదినే, బతికే ఉన్న," అన్నాడు ఇస్తారి నా ముఖం చూసి. "సచ్చింది బండి."

ఇస్తారి గొర్రెల బేరం చేస్తాడు. నారాయణరావుపేట నుంచి కోహెడ దాకా గట్ల మీద, ఒర్రెల్లో, వాగుల్లో తిరగాలని ఒక పాత ఎత్తు బండి కొన్నాడు. బురదను పట్టుకునే పళ్ల టైర్లు, పైకెత్తి కట్టిన పొగగొట్టం. పెట్రోల్లో ఆయిల్ కలిపి పొయ్యాల్సిన రకం. ఆ రోజు ట్యాంకు మీద గోనెసంచిలో ఒక గొర్రెపిల్ల ఉంది, తల ఒక్కటే బయటికి పెట్టి.

"బావా!" అని మా ఆయన్ని కేకేశాడు. "యాక్సిలేటర్ గుంజి పట్టుకుంటే ఉంటది, ఇడిస్తే సస్తది. ఒర్రె కాడ మెల్లగ దిగుదామంటే వశమైతలేదు. కిక్కు కొట్టి కొట్టి పిక్క వాసింది."

యాక్సిలేటర్ వదిలేసినా ఇంజను ఆగిపోకుండా మెల్లగా తన పాటికి తాను ఆడుతూ ఉండాలి. దాన్ని మెకానిక్కులు స్లో అంటారు. ఆ స్లో నిలబెట్టడంలో మా ఆయన రామచందర్ మేస్త్రికి సిద్దిపేటలో మంచి పేరు. బండి ఇంకా మూలమలుపు తిరగకముందే, అన్నం తింటూ తింటూ, "ప్లగ్గు పోయిందే దానిది," అనేవాడు. ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చి చూస్తే ప్లగ్గే పోయి ఉండేది.

ఆ రోజు కూడా ప్లగ్గు విప్పి గీకాడు. కార్బొరేటర్ విప్పి, సన్న రంధ్రాల్లోకి నోటితో గాలి ఊదాడు. మళ్లీ బిగించి, స్లో స్క్రూ తిప్పుతూ, తల ఒక పక్కకు వాల్చి చాలాసేపు విన్నాడు. ఇంకొంచెం తిప్పాడు. ఇంకొంచెం. బండి గట్టిగా అరవడం మొదలుపెట్టింది. గొర్రెపిల్ల సంచిలో తన్నుకుంది.

"ఎక్కువైనట్టున్నది బావా," అన్నాడు ఇస్తారి.

మా ఆయన పలకలేదు. చెయ్యి తుడుచుకుని, "పో ఇగ," అన్నాడు.

నేను గడపలోంచే, "మెల్లగ పో ఇస్తారీ, లారీలు చూసుకో, చీకటి పడకముందే ఇల్లు చేరు," అన్నాను. మా షెడ్డు నుంచి కదిలే ప్రతి బండికీ నేను ఈ మాట అనాల్సిందే. అనకపోతే ఆ మనిషికి ఏదో అవుతుందని నా భయం. బండ్లు బాగుచేసే ఇంట్లో కాపురం చేస్తూ బండ్లంటే వణికే ఆడదాన్ని నేనొక్కదాన్నేనని పక్కన మజ్జిగ అమ్మే ఐలవ్వ నవ్వేది.

"నువ్వు భయపడని వస్తువు ఏమన్న ఉన్నదానే అనసూర్యా?" అని అడిగేది.

ఉంది. సుద్దముక్క. సుద్దముక్క మీద పడి చచ్చినవాళ్ల గురించి నేను ఎక్కడా వినలేదు. అందుకే మా కొడుకు దేవరాజును టీచర్ ట్రైనింగు పరీక్ష రాయమన్నాను. ఇంటర్ పాసయ్యాడు. పిల్లలకు చదువు చెప్పుకుంటూ నీడపట్టున బతికితే చాలు. వాడు షెడ్డులోకి అడుగుపెడితే నేను ఏదో ఒక పని చెప్పి లోపలికి పిలిచేదాన్ని. నూనెచేతులతో వాడు కనిపిస్తే నాకు నెత్తురు చేతులతో కనిపించినట్టే ఉండేది.

*

రోళ్లు పగిలే ఎండలు. ఇస్తారి మళ్లీ వచ్చాడు. ఈసారి మోకాలికి గుడ్డ కట్టు.

"అదుపే లేదు వదినే. యాక్సిలేటర్ ఇడిసినా ఉర్కుతనే ఉన్నది. గట్టు మీదికెల్లి మడిల పడ్డ."

నేను అక్కడే గోడ పట్టుకుని కూర్చున్నాను. మడి కాబట్టి సరిపోయింది. బావి అయితే? అతని భార్య, పిల్లలు, అతని గొర్రెలు, అన్నీ నా కళ్ల ముందు ఏడ్చాయి.

"బాయిల పడలేదు గదా తల్లీ, ఏడ్వకు," అన్నాడు ఇస్తారి. "పడ్డంక ఏడుద్దువు."

మా ఆయన మళ్లీ విప్పాడు. ఊదాడు, బిగించాడు. స్లో తగ్గిస్తే చచ్చిపోతుంది, పెంచితే పిచ్చెత్తినట్టు అరుస్తుంది. ఆ వారం అదొక్కటే కాదు. ఎవరి బండి చూసినా, "మేస్త్రీ, రేసు ఎక్కువున్నది, పెట్రోలు తాగుతున్నది," అని తిరిగి రావడమే. ఐలవ్వ మజ్జిగ చిలుకుతూ అననే అంది:

"మీ ఆయన ముట్టిన బండ్లన్ని గంతులేస్తున్నయేందే? బండ్లకు కూడ కల్లు వోస్తున్నడా?"

ఆయనకు ఏదో జబ్బు వచ్చిందని నాకు అనుమానం మొదలైంది. నేను పిలిస్తే పలకడం మానేశాడు. అడిగినదానికి ఒకటి, చెప్పేది ఒకటి. రేడియో పెద్దగా పెడుతున్నాడు. షుగరనుకున్నాను. టీబీ అనుకున్నాను. ఎవరో మందు పెట్టారనుకుని గుమ్మానికి నిమ్మకాయ కట్టాను. మరో ఆడది ఉందేమోనని కూడా ఒక రోజు ఏడ్చాను. తోచిన జబ్బులన్నిటికీ భయపడ్డాను. చెవుల సంగతి నాకు తట్టనే లేదు.

దేవరాజుకు మెదక్‌లో టీచర్ ట్రైనింగు సీటు వచ్చిన సంగతి తెలిసింది ఆ రోజుల్లోనే. నేను వీధంతా చక్కెర పంచాను. ఆయన చక్కెర నోట్లో వేసుకుని, "ఎవరిది పెండ్లి?" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకుని నేను మాట్లాడటం మానేశాను.

*

ఇస్తారి మూడోసారి వచ్చిన రోజు పొద్దు నడినెత్తిన ఉంది. బండి దిగి మా ఆయన ముందు చేతులు జోడించాడు, నవ్వులాటకే.

"బావా, ఇది బాగైతదా, లేకపోతే గొర్లతోని పాటు దీన్ని కూడ అంగట్ల అమ్మాల్నా?"

ఆయన ముఖం మాడిపోయింది. బండి స్టాండెక్కించి కిక్కు కొట్టాడు. అది ఒకసారి పైకి లేస్తూ, ఒకసారి పడిపోతూ, జ్వరం మనిషిలా ఊగుతోంది. ఆయన స్క్రూడ్రైవర్ పెట్టి అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. నుదుటి నుంచి చెమట ఇంజను మీద పడి సుయ్యిమంటోంది.

నేను చెప్పిన నీళ్ల బిందె తీసుకుని దేవరాజు అటువైపు నుంచి వస్తున్నాడు. ఆగిపోయాడు.

"బాపూ, గాలి గుంజుతుంది," అన్నాడు.

ఆయన తిప్పుతూనే ఉన్నాడు.

"బాపూ! సూయ్‌మంటున్నది ఇనవస్తలేదా?"

నాకే వినిపిస్తోంది, గడపలో నిలబడ్డదానికి. పళ్ల సందులోంచి పీల్చినట్టు సన్నని శబ్దం. ఇస్తారికి వినిపించింది. మజ్జిగ ముంత పట్టుకుని ఐలవ్వ కూడా ఇటు తిరిగింది. ఆయన ఒక్కడే తల వంచుకుని స్క్రూ తిప్పుతున్నాడు.

దేవరాజు బిందె దించి, ఒక గుడ్డ తడిపి, కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్య ఉన్న నల్ల రబ్బరు చుట్టూ నొక్కి పట్టుకున్నాడు. ఎవరో మెడ మీద చెయ్యేసి ఓదార్చినట్టు బండి అరుపు తగ్గింది. గుడ్డ తీస్తే మళ్లీ లేచింది. రబ్బరు అడుగుపక్క వెంట్రుకంత చీలిక. అందులోంచి దొంగగాలి లోపలికి పోతోంది. దొంగగాలి పోయేంతకాలం స్లో ఎన్నిసార్లు తిప్పినా నిలవదు. ఈ ముక్క నేను పెండ్లయిన కొత్తలో మా ఆయన నోటనే విన్నాను.

కొత్త రబ్బరు తెచ్చి వేశారు. దేవరాజు కిక్కు కొట్టి, స్లో స్క్రూ తగ్గిస్తూ, తగ్గిస్తూ, ఒక చోట వదిలేశాడు. బండి ఎంత మెత్తగా ఆడిందంటే సంచిలో గొర్రెపిల్ల కళ్లు మూసుకుంది. అది నెమరు వేస్తున్నట్టు దవడ ఆడించే చప్పుడు కూడా నాకు వినిపించింది. ఇస్తారి "అబ్బ" అన్నాడు.

మా ఆయన కొడుకు ముఖంలోకి చూశాడు.

"ఆగిందా?" అన్నాడు.

ఆయన కాలు ఎత్తి కిక్కు మీద పెట్టాడు. ఆడుతున్న ఇంజనుకు కిక్కు కొట్టబోతున్నాడు. దేవరాజు వంగి, ఆయన చెయ్యి పట్టుకుని, తీసుకెళ్లి ట్యాంకు మీద పెట్టాడు.

ఆయన చెయ్యి కొంచెంసేపు ట్యాంకు మీదే ఉంది. ఇంజను వణుకు వేళ్లకు తెలిసి ఉంటుంది. కాలు కిక్కు మీంచి దించాడు.

ఇస్తారి గొర్రెపిల్ల తల సంచిలోకి సర్దుతూ, ఎక్కడో చూస్తూ, "మంచిగయింది బావా," అని గట్టిగా, చాలా గట్టిగా అన్నాడు.

*

హైదరాబాదు తీసుకుపోయి చెవుల డాక్టరుకు చూపించాం. ఏండ్ల తరబడి సైలెన్సర్ల పక్కన కూర్చుంటే లోపలి నరాలు ఎండిపోయాయట. ముందు సన్న చప్పుళ్లు పోతాయట, పెద్దవి మెల్లగా పోతాయట. చెవికి మిషన్ పెట్టుకుంటే మాటలు కొంత తెలుస్తాయన్నాడు. తిరుగుబస్సులో మా ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"మిషన్ కొందామయ్యా," అన్నాను చెవి దగ్గర.

"చెవుల మిషన్ పెట్టుకున్న మేస్త్రికి బండెవడిస్తడే?" అన్నాడు. బస్సులో అందరూ మా వైపు చూశారు. తను ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో ఆయనకు తెలియదు. "కండ్లు లేనోని దగ్గర నువ్వు రైక కుట్టిచ్చుకుంటవా?"

మళ్లీ ఆ మాట మా ఇంట్లో ఎత్తలేదు.

దేవరాజు మర్నాటి నుంచి షెడ్డులో నిలబడ్డాడు. నేను పని చెప్పి లోపలికి పిలిచినా రాలేదు. బండికి అటువైపు ఆయన, ఇటువైపు వీడు. అరచెయ్యి పైకి లేపితే పెంచాలని, కిందికి దించితే తగ్గించాలని, గాలిలో అట్లాగే పరిచి ఆపితే సరిపోయిందని గుర్తు. వాళ్లిద్దరూ కూర్చుని అనుకున్నది కాదు, ఒకరి చేతులు ఒకరు చూసుకుంటూ వచ్చింది. బండ్ల వాళ్లు వాడు పని నేర్చుకుంటున్నాడనుకున్నారు. "కొడుకు అందుకున్నడు మేస్త్రీ!" అని మెచ్చుకున్నారు. బండ్లన్నీ మళ్లీ దారిలో పడ్డాయి.

తొలకరి పడింది. మెదక్ పోవాల్సిన రోజు దగ్గరికొచ్చింది. ట్రంకుపెట్టె నేనే సర్దాను. వాడు మంచం మీద కూర్చుని చూస్తున్నాడు.

"నేను పోతే బాపు ఎట్లనే?"

"నేను లేనా? నాకు లేవా చెవులు?" అన్నాను. "నీ చెయ్యి లేపుడే గదా, నాకు రాదా?"

"నీకు బండంటేనే భయం గదనే."

"భయమున్నోళ్లకే మంచిగ ఇనవడ్తదిరా."

నిజంగా అట్లాగే అనుకున్నాను. పెట్టెను బస్టాండుకు మా ఆయనే మోశాడు. బస్సు కదిలాక కూడా అక్కడే నిలబడి, అరచెయ్యి గాలిలో పరిచి పట్టుకున్నాడు. కిటికీలోంచి వీడూ అట్లాగే పట్టుకున్నాడు. నేను మాత్రం డ్రైవరు దగ్గరికి ఉరికి, "మెల్లగ పో నాయినా," అన్నాను.

*

కొంగు బొడ్డులో దోపి బండికి ఇటువైపు కూర్చున్నాను. ఆయన కళ్లు నా చెయ్యి మీద. పెండ్లయినప్పటి నుంచి ఆయన నా వైపు అంతసేపు, అంత శ్రద్ధగా ఎప్పుడూ చూసి ఉండడు. నేను చెయ్యి దించితే స్క్రూ దిగేది. ఇంకొంచెం దించితే ఇంకొంచెం దిగేది. నా మాట కాదనకుండా బండ్లన్నీ మెత్తబడుతుంటే, ఇన్నాళ్లకు నా చేతిలో పడ్డాయి ఇవి అనుకున్నాను. పిల్లి గుర్రుమన్నట్టు అయ్యాక గానీ అరచెయ్యి పరిచేదాన్ని కాదు.

పాత బస్టాండు దాటకుండానే అవన్నీ ఆగిపోయేవి.

"మేస్త్రీ, మొన్న రేసు ఎక్కువున్నదంటిమి. ఇప్పుడు పానమే లేకపాయె," అని ఒకాయన బండి తోసుకుంటూ వచ్చాడు. తర్వాత ఇంకొకాయన. మా ఆయన నా వైపు చూసేవాడు. నేను మళ్లీ చెయ్యి లేపేదాన్ని. కొంచెం లేచేసరికి ఆ చప్పుడుకు నాకు గుండె దడ మొదలయ్యేది. ఇంత ఉరుకు మీద లారీ ఎదురైతే? చెయ్యి దానంతట అదే దిగిపోయేది. ఆయన స్క్రూ దించేవాడు.

ఇస్తారి వచ్చి, బండి దిగకుండానే, ఆయనకు వినబడదు కాబట్టి నాతో చెప్పాడు.

"వదినే, నిన్న రోడ్డు దాటుతుంటే నడిమిట్ల ఆగింది. ఎనుక లారీ. లారీ డ్రైవరు బిరేకు ఒత్తిండు గాబట్టి నీ ముందర నిలవడ్డ."

నేను వెళ్లి బండి హ్యాండిలు పట్టుకున్నాను.

"ఎంత పెట్టమంటవ్ ఇస్తారీ?"

"నాకేమెరుక? దేవరాజు పెట్టిందే మంచిగుండె."

ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను, దించకూడదని. కానీ ఆయన కళ్లు చెయ్యి మీద నిలవగానే మళ్లీ అదే.

ఒక వాన పొద్దున ఆ ఎత్తు బండి చప్పుడు వినిపించింది. వస్తోంది, మలుపు తిరిగింది. నేను బయటికొచ్చాను. ఇస్తారి మా షెడ్డు ముందు తల తిప్పకుండా, తడుస్తూ, ముందుకు పోయాడు. అవతల కొత్తగా పెట్టిన మెకానిక్ షాపు ముందు ఆపాడు. మా ఆయన రోడ్డుకు వీపు పెట్టి, బోల్టులు విప్పే పానాలు తుడుస్తున్నాడు. ఆయనకు తెలియలేదు. "ఏమే, చాయ వెడ్తవా?" అన్నాడు. పెట్టాను.

*

వానలకు సెలవులిచ్చారని దేవరాజు ఇంటికొచ్చాడు. షెడ్డులో ఒక్క బండి లేదు. బాపు తుడిచిన పానాలే తుడుస్తున్నాడు.

"ఈ వానలల్ల బండ్లెవరు తీస్తర్రా?" అన్నాను.

వాడు నా ముఖం చూశాడు. వెళ్లి మా ఆయన సొంత బండి స్టాండెక్కించి కిక్కు కొట్టాడు.

"అమ్మా, ఎంత వెట్టాల్నో చెప్పు."

నేను చెయ్యి చాపాను. దించాను. వాడు తిప్పాడు. ఇంకొంచెం దించాను. బండి ఆగిపోయింది. వాడు మళ్లీ కొట్టాడు. నేను మళ్లీ చాపాను. ఈసారి గట్టిగా పట్టుకుందామనుకున్నాను. ఆగిపోయింది.

"గింతేనా అమ్మా?"

"ఆగితే ఏమైతదిరా," అన్నాను. "ఆగిన బండి ఎవరినీ సంపదు గదా."

వాడు కోప్పడలేదు. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, నా చెయ్యి తీసుకుని, నూనె గుడ్డతోనే తుడిచాడు, అక్కడ ఏమీ అంటకపోయినా.

సెలవులు అయిపోయిన రోజు పొద్దున వాడు లేచి షెడ్డు ఊడ్చాడు. నేను టిఫిను గిన్నె కట్టి, ట్రంకుపెట్టె గడపలో పెట్టాను. మా ఆయన మొహం కడుక్కుని వచ్చి, "బస్సు పోతది గదరా," అన్నాడు, ఎప్పటిలాగే వీధంతా వినబడేలా.

దేవరాజు ఆయన ఎదురుగా నిలబడి, అరచెయ్యి గాలిలో పరిచి ఆపాడు.

ఆయన ఆ చెయ్యి వైపు చూశాడు. నేను, "అట్ల కాదురా, సదువు, సీటు, మళ్ల రాదురా," అని ఏడుస్తున్నాను. నా ఏడుపు ఇద్దరిలో ఒకడికే వినబడింది. వాడు తిరిగి చూడలేదు. ఆయన లోపలికి వెళ్లి పానాల డబ్బా తెచ్చుకుని కూర్చున్నాడు. మళ్లీ అడగలేదు.

ట్రంకుపెట్టె చాలా రోజులు గడపలోనే ఉంది. తర్వాత ఒక రోజు చూస్తే అందులో ప్లగ్గులు, జెట్లు, రబ్బరు జాయింట్లు ఉన్నాయి. నేను మడతపెట్టిన తెల్ల చొక్కా చింపి తుడిచే గుడ్డలు చేసుకున్నారు.

ఇస్తారిని దేవరాజే వెళ్లి పిలుచుకొచ్చాడు. వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం ఆ ఎత్తు బండి మా షెడ్డు ముందు మళ్లీ నిలబడింది. ట్యాంకు మీద ఈసారి నల్లమచ్చల గొర్రెపిల్ల.

"కోడలు లేకముందే కొడుకు సంసారంల పడ్డడు వదినే," అని ఇస్తారి నవ్వించబోయాడు. నా ముఖం చూసి బండి దిగాడు.

ఇంజను ఆడుతోంది. ఒక చెయ్యి ట్యాంకు మీద, ఒక చెయ్యి స్క్రూడ్రైవర్ మీద పెట్టి మా ఆయన కొడుకు వైపు చూస్తున్నాడు. దేవరాజు చెయ్యి పైకి లేస్తోంది. చప్పుడు పెరుగుతోంది. నేను గడపలో నిలబడ్డాను. ఆయన కళ్లు ఒక్కసారి వాడి మీంచి నా వైపు తిరిగాయి. స్క్రూ దిగింది, చప్పుడు పడిపోయింది.

"అమ్మా," అన్నాడు దేవరాజు, ఇటు తిరగకుండానే. "బాపు నీ చెయ్యి చూస్తుండు."

చూసుకుంటే నిజమే. నా కుడిచెయ్యి ముందుకు వచ్చి, మెల్లమెల్లగా కిందికి దిగుతోంది. నేను దించలేదు, దానంతట అదే.

దాన్ని లోపలికి లాక్కుని, కొంగు దాని చుట్టూ తిప్పి, రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాను. కొంగులో అది కొట్టుకుంటూనే ఉంది. బయట చప్పుడు మళ్లీ లేచింది, ఇంకా లేచింది, లేచి ఒక చోట నిలబడింది. నా కొడుకు అరచెయ్యి పరిచాడు.